చొక్కా గుండీ సాయంత్రమే ఎందుకు మొరాయిస్తుంది? ఎం.ఎస్.లో చెయ్యి, అలసట, ఆలోచన

పొద్దున మాట్లాడుకుంటూనే చొక్కా గుండీలు పెట్టేసుకున్న ఒకావిడ, సాయంత్రం అవే గుండీలు తీయడానికి పది నిమిషాలు తంటాలు పడుతుంది. మధ్యలో ఎక్కడా పడలేదు, చేతికి దెబ్బ తగల్లేదు. డాక్టర్ చెయ్యి పట్టి చూస్తే పట్టు బాగానే ఉంది. నడక మారలేదు, ఎమ్మారైలో కొత్త మచ్చలు లేవు. రిపోర్టులో 'నిలకడగా ఉంది' అని రాశారు. రాసింది అబద్ధం కాదు. కానీ ఆవిడ ఆ నెలలోనే ఉద్యోగం మానేసింది.

ఇది నేను కల్పించిన ఉదాహరణే. మల్టిపుల్ స్క్లెరోసిస్, అందరూ పొట్టిగా పిలిచే ఎం.ఎస్., ఉన్నవాళ్లకు మాత్రం ఇందులో కొత్తేమీ కనిపించదు. వాళ్లు తరచూ చెప్పే మూడు బాధలు ఇందులో కలిసిపోయి ఉన్నాయి. చెయ్యి చెప్పిన మాట వినదు. ఒంట్లో ఓపిక ఉండదు. బుర్ర చురుగ్గా కదలదు. వైద్య పుస్తకాల్లో వీటికి మూడు అధ్యాయాలుంటాయి, మూడు రకాల పరీక్షలుంటాయి. మనిషి దగ్గరకొచ్చేసరికి మాత్రం ఒకదాని వేషంలో ఇంకోటి వస్తుంది. గుండీ దగ్గర ఆగిపోయింది చెయ్యా, ఓపికా, ధ్యాసా అన్నది పైకి చూసి చెప్పడం కష్టం.

## పొర పోయిన నరంలో ఏం జరుగుతుంది

మెదడు నుంచి వేలికొస దాకా కబురు వెళ్లాలంటే అది నరాల పోగుల్లో విద్యుత్ సంకేతంగా ప్రయాణించాలి. చాలా పోగుల చుట్టూ మయలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. ఆ పొరకు మధ్యమధ్యలో చిన్న ఖాళీలుంటాయి. సంకేతం ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీకి గెంతుతూ పోతుంది కాబట్టి పొర ఉన్న పోగుల్లో వేగం సెకనుకు పదుల మీటర్లు ఉంటుంది. పొర లేని సన్నటి పోగుల్లో అది సెకనుకు ఒకటి రెండు మీటర్లే.

ఎం.ఎస్.లో శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాము, కంటి నరాల్లోని మయలిన్ మీద దాడి చేస్తుంది. పొర పోయిన చోట సంకేతం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. కొన్నాళ్లకు పోగు కూడా తెగిపోవచ్చు. ఆ దాడి రేపిన మంట (ఇన్‌ఫ్లమేషన్) చల్లారాక అక్కడ మచ్చ గట్టిపడుతుంది. పేరులోని 'స్క్లెరోసిస్' అంటే ఆ గట్టిపడటమే. అలాంటివి చాలా చోట్ల ఉంటాయి కాబట్టి 'మల్టిపుల్'. ప్రపంచంలో 28 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. ఎక్కువమందికి 20 నుంచి 40 ఏళ్ల మధ్య, అంటే ఉద్యోగం, సంసారం రెండూ జోరుగా నడిచే వయసులో మొదలవుతుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

మచ్చ పడినంత మాత్రాన పని ఆగిపోదు. మెదడు అడ్డదారులు వెతుక్కుంటుంది. వేళ్లు ఆడించడం లాంటి తేలికపాటి పని చేయిస్తూ, మెదడులో ఏ భాగాలు పనిచేస్తున్నాయో చూపే ఫంక్షనల్ ఎమ్మారైతో చూస్తే, ఎం.ఎస్. ఉన్నవాళ్ల మెదడులో మామూలు కంటే ఎక్కువ ప్రాంతాలు రంగంలోకి దిగడం కనిపిస్తుంది. పని అదే, ఖర్చు ఎక్కువ. ఆ అదనపు ప్రాంతాలు వేరే పనులకు కూడా కావలసినవే. మన మూడు బాధలూ ముడిపడే చోటు ఇదే అయి ఉంటుందన్నది చాలామంది పరిశోధకుల ఊహ, నాకూ సబబుగానే తోస్తుంది. పొద్దున్నించి చేసిన ప్రతి చిన్న పనికీ రెట్టింపు చెల్లించుకుంటూ వచ్చిన మెదడు దగ్గర, సాయంత్రం గుండీ దాకా వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలకపోవడం వింతేమీ కాదు.

## మార్కులన్నీ నడకకే పోయిన కొలమానం

ఎం.ఎస్. తీవ్రతను చెప్పడానికి ప్రపంచమంతా వాడే కొలమానం పేరు ఈడీఎస్ఎస్. అమెరికన్ న్యూరాలజిస్ట్ జాన్ కర్ట్‌స్కీ దీన్ని 1983లో ప్రచురించారు. సున్నా అంటే పరీక్షలో ఏ లోపమూ లేదని, 10 అంటే ఎం.ఎస్. వల్ల మరణమని. మధ్యలో అరేసి మార్కుల చొప్పున మెట్లు. 4 దాటిన దగ్గర్నుంచి మెట్టు మారడం దాదాపుగా నడకను బట్టే. ఒక కర్ర సాయంతో సుమారు 100 మీటర్లు నడవగలిగితే 6. చక్రాల కుర్చీకి పరిమితమైతే 7.

ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరు అర కిలోమీటరు పైన హాయిగా నడుస్తారు, కానీ కుడిచేత్తో పెన్ను పట్టుకోలేరు, మీటింగ్‌లో నలుగురు మాట్లాడుతుంటే అందుకోలేరు. ఆఫీసుకు వెళ్లడం మానేశారు. ఇంకొకరు కర్ర లేనిదే నడవలేరు, కానీ చేతులూ ఆలోచనా చక్కగా ఉన్నాయి, కుర్చీలో కూర్చుని పూర్తి ఉద్యోగం చేసుకుంటున్నారు. ఈడీఎస్ఎస్ ప్రకారం మొదటివారికి 4, రెండోవారికి 6 రావచ్చు. అంటే ఉద్యోగం పోయినవారి జబ్బే 'తక్కువ'.

అయినా ఈ కొలమానాన్ని వదల్లేకపోవడానికి కారణాలు ఉన్నాయి. నాలుగు దశాబ్దాల మందుల పరీక్షల ఫలితాలన్నీ ఈ భాషలోనే ఉన్నాయి. పాతవాటితో కొత్తవాటిని పోల్చాలంటే అందరికీ తెలిసిన గజం బద్ద ఒకటి కావాలి. పైగా న్యూరాలజిస్ట్ ప్రత్యేక సామగ్రి ఏమీ లేకుండా చూసి వేయగలిగిన మార్కు ఇది. తప్పు గజం బద్దది కాదు, దాంతో అన్నీ కొలిచేశామనుకోవడంలో ఉంది. 1994లో అమెరికా నేషనల్ ఎం.ఎస్. సొసైటీ వేసిన నిపుణుల బృందం ఈ లోటు పూడ్చడానికి మూడు పరీక్షల కట్ట ఒకటి తయారుచేసింది. 25 అడుగుల నడకకు పట్టే సమయం, చేతికి తొమ్మిది పుల్లల పరీక్ష, ఆలోచనకు అంకెల కూడిక పరీక్ష. మూడింటినీ ఒకే కట్టలో పెట్టడం అప్పటికి పెద్ద మార్పు.

## గ్లాసు జారిపోవడానికి నాలుగు కారణాలు

చేతిలోంచి గ్లాసు జారిపడిందనుకుందాం. 'చేతిలో బలం లేదు' అని ఇంట్లో అనేస్తారు. నిజానికి నాలుగు వేర్వేరు లోపాల్లో ఏదైనా కారణం కావచ్చు. మెదడు నుంచి కండరానికి ఆజ్ఞ మోసుకెళ్లే దారి దెబ్బతింటే బలం తగ్గుతుంది. అదే దారి దెబ్బతిన్నందువల్ల కండరం బిగుసుకుపోయి, వేళ్లు తెరుచుకోవాల్సినప్పుడు తెరుచుకోకపోవచ్చు. చిన్న మెదడు దారులు దెబ్బతింటే బలం ఉన్నా గురి కుదరదు. గ్లాసు దగ్గరపడే కొద్దీ చెయ్యి వణుకుతుంది, ఊరికే ఒళ్లో పెట్టుకుంటే వణకదు.

నాలుగోది విచిత్రమైనది. బలం, గురి బాగానే ఉంటాయి కానీ స్పర్శ వెనక్కి చేరదు. వేళ్లు ఎక్కడున్నాయో, గ్లాసును ఎంత గట్టిగా పట్టుకున్నాయో మెదడుకు తెలియదు. కళ్లు గ్లాసు మీద ఉన్నంతసేపూ పట్టు నిలుస్తుంది, చూపు తిప్పగానే జారిపోతుంది. బలం పరీక్షలో మామూలుగా ఉండి వాడకంలో పనికిరాకుండా పోయే ఇలాంటి చేతిని జర్మన్ న్యూరాలజిస్ట్ హెర్మన్ ఓపెన్‌హైమ్ పేరుతో 'ఓపెన్‌హైమ్ పనికిరాని చెయ్యి' అంటారు. డాక్టర్ వేళ్లను నొక్కమన్నప్పుడు గట్టిగా నొక్కగలిగిన మనిషి, జేబులో తాళంచెవి తడిమి పట్టుకోలేకపోవడం నటన కాదు. ఇక్కడ ధ్యాస పాత్ర కూడా చూడండి. స్పర్శ చేయాల్సిన పని కళ్లు చేస్తున్నాయంటే, మామూలుగా ఆలోచన అక్కర్లేని పనికి ఇప్పుడు ఆలోచన ఖర్చవుతోందన్నమాట.

చేతి పనితనాన్ని కొలవడానికి ఎక్కువగా వాడేది ఇందాక చెప్పిన తొమ్మిది పుల్లల పరీక్షే. ఒక పలకకు తొమ్మిది రంధ్రాలు, పక్కన గిన్నెలాంటి గుంటలో తొమ్మిది పుల్లలు. ఒక్కొక్కటిగా అన్నీ గుచ్చి, మళ్లీ ఒక్కొక్కటిగా తీసేయాలి. ఒక్కో చేత్తో రెండేసి సార్లు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు సుమారు 20 సెకన్లు పడుతుంది. సమయం 20 శాతం పెరిగితే అది లెక్కలోకి తీసుకోవలసిన మార్పని సాధారణంగా ఒప్పుకుంటారు. ఒకరి కుడిచేతికి రెండేళ్ల కిందట 20 సెకన్లు, ఇప్పుడు 25 సెకన్లు పట్టిందనుకోండి. పెరిగింది 5, అంటే 25 శాతం. హద్దు దాటింది. ఎడమ చేతికి అప్పుడు 24, ఇప్పుడు 27. పెరిగింది 3, అంటే 12.5 శాతం. ఇది రోజువారీ హెచ్చుతగ్గు కూడా కావచ్చు. చెయ్యి మారిందా లేదా అన్నది ఈ పరీక్ష చక్కగా చెబుతుంది. పైన చెప్పిన నాలుగింటిలో ఎందువల్ల మారిందో మాత్రం చెప్పదు. పైగా ఇది ఒక నిమిషం లోపు పని. సాయంత్రం దాకా వాడాక చెయ్యి ఏమవుతుందన్నది పొద్దున పదింటికి ఓపీలో చేసిన పరీక్షకు తెలిసే వీల్లేదు.

## 'అలసట' అన్న ఒక్క మాటలో రెండు సంగతులు

ఎం.ఎస్. ఉన్నవాళ్లలో మూడొంతుల మందికి పైగా అలసట గురించి చెబుతారు. చాలామంది అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఇదేనంటారు. ఇది ఆడి వచ్చాక, పని చేసి వచ్చాక కలిగే అలసట లాంటిది కాదు. రాత్రంతా నిద్రపోయి లేచినా ఉండొచ్చు, ఏ పనీ మొదలుపెట్టకముందే రావచ్చు.

చిక్కంతా మాటతోనే వస్తుంది. పరిశోధకులు రెండింటిని విడదీస్తారు. ఒకటి, మనిషికి అనిపించే అలసట. దీన్ని ప్రశ్నావళితో అడిగి తెలుసుకోవాల్సిందే. 21 ప్రశ్నల ఎంఎఫ్ఐఎస్ అనే ప్రశ్నావళిలో 84కి 38 దాటితే అలసట ఎక్కువగా ఉన్నట్టు లెక్కేస్తారు. రెండోది, పని చేస్తుండగా పనితనం పడిపోవడం. దీన్ని కొలవచ్చు. ఒక రబ్బరు బంతిని అర నిమిషం ఆపకుండా గట్టిగా నొక్కమంటే, మొదటి అయిదు సెకన్లలో ఉన్న బలం చివరి అయిదు సెకన్లకు ఎంత మిగిలిందో చూడటం అలాంటిదే. ఈ రెండూ కలిసి నడవాలని మనకు తోస్తుంది. తీరా చూస్తే వాటి మధ్య సంబంధం చాలాసార్లు బలహీనంగానే ఉంటుంది. 'చచ్చేంత నీరసంగా ఉంది' అన్నవాళ్లు బంతిని చివరిదాకా ఒకేలా నొక్కవచ్చు. 'బాగానే ఉన్నాను' అన్నవాళ్ల పట్టు సగానికి పడిపోవచ్చు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరినీ అడిగిన ప్రశ్నలే వేరు.

అలసటకు మూలం ఎక్కడ అన్నదానిపై వాదనలున్నాయి. మెదడులో మంట వల్ల వెలువడే సైటోకైన్ల లాంటి రసాయనాలే కారణమని కొందరంటారు. జ్వరం వచ్చినప్పుడు మనల్ని పడుకోబెట్టే నీరసం లాంటిదే ఇదీ అని వాళ్ల వాదన. మెదడు లోతుల్లో, చేసే పనికి దక్కే ఫలితాన్ని బేరీజు వేసే వలయాలు దెబ్బతినడమే అసలు కారణమని ఇంకొందరంటారు. రెండూ ఏకకాలంలో నిజం కావడానికి అడ్డేమీ లేదు. వీటికి తోడు జబ్బు నేరుగా తెచ్చిపెట్టని అలసట కూడా ఉంటుంది. మూత్రం కోసం రాత్రి నాలుగుసార్లు లేవడం, కాళ్లు కొంకర్లు పోయి నిద్ర చెడటం, డిప్రెషన్, థైరాయిడ్, రక్తహీనత, బిగుతు తగ్గించడానికి వేసుకునే మందుల మత్తు. ఇవి విడిగా వైద్యం చేయదగినవి కాబట్టి డాక్టర్లు ముందు వీటినే వెతుకుతారు.

ఎండకు, వేడినీళ్ల స్నానానికి లక్షణాలు ఎక్కువవడం మరో సంగతి. దీన్ని 1890లో జర్మన్ నేత్ర వైద్యుడు విల్‌హెల్మ్ ఊట్‌హోఫ్ వర్ణించారు. వ్యాయామం చేశాక చూపు మసకబారిన రోగులను ఆయన చూశారు. పొర పోయిన పోగులో సంకేతం అంతంతమాత్రంగా దాటుతుంటుంది. ఒంటి లోపలి ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగినా అది ఆగిపోవచ్చు. ఒళ్లు చల్లబడితే మళ్లీ మామూలే. జబ్బు ముదిరిందని టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ కానీ ఇది కొత్త దాడి కాదు.

## బుర్ర మందగించడం, మతిమరుపు ఒకటే కాదు

ఎం.ఎస్.ను విడి జబ్బుగా 1868లో స్పష్టంగా వర్ణించిన పారిస్ వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో, రోగుల జ్ఞాపకశక్తి తగ్గుతుందని, భావాలు నెమ్మదిగా రూపుకడతాయని తన ఉపన్యాసాల్లో చెప్పారు. ఆ మాటను ఆ తర్వాత వందేళ్ల పాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఎం.ఎస్. అంటే కాళ్లూ కళ్లూ అన్న అభిప్రాయమే నిలబడిపోయింది. ఇప్పుడు పరీక్షలు పెట్టి చూస్తే దాదాపు సగం మందిలో ఆలోచనకు సంబంధించిన ఏదో ఒక లోటు బయటపడుతోంది. నడక ఏమాత్రం చెడని తొలి రోజుల్లో కూడా.

ఇది అల్జీమర్స్ లాంటిది కాదు. భాష, పాత జ్ఞాపకాలు, తెలివితేటలు చాలావరకు పదిలంగా ఉంటాయి. ముందుగా దెబ్బతినేది వేగం. దాన్ని కొలిచే పరీక్ష పేరు ఎస్‌డీఎంటీ. కాగితం పైన తొమ్మిది గుర్తులు, ఒక్కోదానికి 1 నుంచి 9 దాకా ఒక అంకె. కింద వరసగా గుర్తులే ఉంటాయి. 90 సెకన్లలో ఎన్నిటికి సరైన అంకె చెప్పగలిగితే అన్ని మార్కులు. ఒకరి స్కోరు 54 నుంచి 49కి తగ్గితే అది చిన్న తేడాలా కనిపిస్తుంది. కానీ నాలుగు మార్కుల తగ్గుదలనే జీవితంలో తెలిసొచ్చే మార్పుగా పరిగణిస్తారు. ఉద్యోగం నిలుపుకోవడానికీ ఈ స్కోరుకూ సంబంధం ఉన్నట్టు అధ్యయనాలు చూపించాయి.

1994 నాటి కట్టలో ఉన్న కూడిక పరీక్ష ఇంకో తరహాది. మూడు సెకన్లకొక అంకె వినిపిస్తుంది. ప్రతి అంకెనూ దానికి ముందు విన్న అంకెతో కూడి పైకి చెప్పాలి. 3, 5, 2, 6 అని వినిపిస్తే జవాబులు 8, 7, 8. తాను చెప్పిన జవాబుకు కాకుండా, విన్న అంకెకు కూడాలి. అక్కడే తప్పుతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా చెమటలు పట్టిస్తుంది. రోగులు దీన్ని ఎంతగా అసహ్యించుకున్నారంటే, చాలా చోట్ల దీని బదులు ఎస్‌డీఎంటీని వాడటం మొదలుపెట్టారు.

మరి 'మర్చిపోతున్నాను' అనే మాట సంగతి? ఇక్కడ పరిశోధకుల్లో అభిప్రాయం మారుతూ వచ్చింది. విషయం లోపల భద్రంగా ఉంది, బయటికి తీయడమే కుదరడం లేదని మొదట్లో అనుకున్నారు. తర్వాతి పరిశోధనలు లోపం మొదటి మెట్టు దగ్గరే ఉందని చూపించాయి. పది మాటల జాబితాను ఆరోగ్యవంతులు నాలుగుసార్లు విని పట్టేస్తే, ఎం.ఎస్. ఉన్న మనిషికి ఏడుసార్లు పట్టవచ్చు. ఒకసారి పట్టుబడ్డాక మాత్రం గంట తర్వాత అడిగినా ఇద్దరూ దాదాపు సమానంగానే చెబుతారు. అంటే 'మర్చిపోయాను' అన్న చాలా సందర్భాల్లో నిజానికి జరిగింది, ఎదుటివాళ్లు చెబుతున్న వేగానికి విషయం లోపలికి దిగకపోవడం. రెండు వాదనలకూ ఆధారాలున్నాయి, ఒకే మనిషిలో రెండు లోపాలూ ఉండవచ్చు కూడా. అయితే వేగంతో ముడిపెట్టిన రెండో వివరణే రోజువారీ అనుభవానికి దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది.

## ఒక పరీక్షలోకి ఇంకో సమస్య దూరితే

ఎస్‌డీఎంటీని రెండు రకాలుగా చేయించవచ్చు. జవాబు పెన్నుతో రాయవచ్చు, నోటితో చెప్పవచ్చు. ఒకే మనిషి రాస్తే 38, చెబితే 50 వచ్చిందనుకుందాం. రాసిన స్కోరు ఒక్కటే చూస్తే ఆలోచన బాగా మందగించిందని తేల్చేస్తారు. నిజానికి మందగించింది పెన్ను పట్టిన చెయ్యి. అందుకే ఎం.ఎస్.లో నోటితో చెప్పించే పద్ధతి స్థిరపడింది. కానీ మాట ముద్దగా వచ్చేవాళ్లకు అదీ అన్యాయమే చేస్తుంది. చూపు మసకబారినవాళ్లకు రెండూ అన్యాయమే.

ఎదురు దిశలో కూడా ఇదే జరుగుతుంది. పుల్లలు గుచ్చుతుండగా వందలోంచి మూడేసి తీసేస్తూ లెక్కపెట్టమంటే చెయ్యి నెమ్మదిస్తుంది. ఇది ఎవరికైనా కొంత జరిగేదే. చేతి కదలికకే ధ్యాస ఖర్చుపెడుతున్న మనిషికి ఆ దెబ్బ బాగా తెలుస్తుంది. మాట్లాడుతూ గుండీలు పెట్టుకోగలగడం, మాట ఆపితే గాని పెట్టుకోలేకపోవడం, ఈ రెంటి మధ్య ఉన్న తేడా అదే. పొద్దునకూ సాయంత్రానికీ మధ్య ఆవిడ చేతిలో బలం ఏమీ తగ్గి ఉండకపోవచ్చు.

అలసటకూ ఆలోచనకూ ఉన్న బంధం మరీ మెలికలు తిరిగినది. 'నా బుర్ర పనిచేయడం లేదు' అని చెప్పుకునే తీవ్రతను, పరీక్షలో వచ్చిన మార్కులను పక్కపక్కన పెడితే అవి అంతగా సరిపోలవు. ఆ ఫిర్యాదు పరీక్ష మార్కులతో కంటే అలసటతో, డిప్రెషన్‌తో ఎక్కువగా జతపడుతుంది. దీన్ని పట్టుకుని 'ఆలోచన బాగానే ఉంది, అంతా దిగులే' అనేవాళ్లున్నారు. ఇంకో వర్గం దీనికి జవాబు చెబుతుంది. నిశ్శబ్దమైన గదిలో, 90 సెకన్ల పాటు, ఒకే పని మీద పెట్టే పరీక్ష రోజంతటి శ్రమను ఎలా పట్టుకుంటుందని. మార్కు నిలుపుకోవడానికి మెదడు ఎంత ఎక్కువ కష్టపడిందో మార్కులో కనిపించదని. నా మొగ్గు రెండోవైపే. అయితే డిప్రెషన్ ఎం.ఎస్.లో చాలా ఎక్కువ, వైద్యానికి లొంగేది కూడా. మొదటి వర్గం మాటను కొట్టిపారేస్తే ఆ వైద్యం అందకుండా పోయే ప్రమాదం ఉంది.

## మందులు, శిక్షణ: ఫలితాలు ఏం చెబుతున్నాయి

అలసటకు అమాంటడిన్, మోడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ అనే మూడు మందులను డాక్టర్లు చాలాకాలంగా రాస్తున్నారు. 2021లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చిన ఒక అధ్యయనం 141 మందికి ఈ మూడింటినీ, ఉత్తుత్తి మాత్రనూ వంతులవారీగా ఇచ్చి చూసింది. మూడింట్లో ఏదీ ఉత్తుత్తి మాత్రను మించలేదు, దుష్ఫలితాలు మాత్రం ఎక్కువ. ఆ మందులతో నాకు తేడా తెలుస్తోందని చెప్పేవాళ్లను కొట్టిపారేయలేం. సగటున తేడా లేదంటే ఏ ఒక్కరికీ లేదని కాదు. కానీ ఉత్తుత్తి మాత్రతో కూడా చాలామందికి తేడా తెలిసింది, అది గుర్తుంచుకోవాలి. వ్యాయామానికి, ఆలోచనా సరళి మీద పనిచేసే సీబీటీ అనే మానసిక చికిత్సకు అలసట విషయంలో ఆధారాలు ఇంతకంటే మెరుగ్గా ఉన్నాయి.

ఆలోచన వేగానికి కంప్యూటర్ శిక్షణ, వ్యాయామం కలిపి ఇస్తే రెట్టింపు లాభం వస్తుందా అని 311 మంది ప్రోగ్రెసివ్ ఎం.ఎస్. (ఆగకుండా మెల్లగా ముదురుతూ పోయే రకం) రోగులతో కాగ్‌ఎక్స్ అనే పరీక్ష జరిగింది. ఫలితాలు 2023లో వచ్చాయి. రెండూ కలిపి పొందినవాళ్లు మిగతావాళ్లను మించలేదు. చిత్రమేమిటంటే నకిలీ శిక్షణ, నకిలీ వ్యాయామం పొందినవాళ్లు కూడా మెరుగయ్యారు. వారానికి రెండుసార్లు ఇంట్లోంచి కదిలి, నలుగురితో మాట్లాడి రావడం కూడా ఒక చికిత్సే అయి ఉండొచ్చని కొందరన్నారు. ఒకే పరీక్షను పదేపదే రాస్తే చెయ్యి తిరుగుతుంది కదా అని ఇంకొందరన్నారు.

చేతి విషయంలో కథ వేరు. నటాలిజుమాబ్ అనే మందును సెకండరీ ప్రోగ్రెసివ్ దశలో, అంటే మొదట దాడులుగా వచ్చిపోయిన జబ్బు తర్వాత మెల్లగా ముదిరే దశలో ఉన్న 889 మందిపై పరీక్షించిన అసెండ్ అధ్యయనం 2018లో ప్రచురితమైంది. ఈడీఎస్ఎస్, నడక, పుల్లల పరీక్ష కలిపి వేసిన ప్రధాన లెక్కలో మందు నెగ్గలేదు. విడిగా చూస్తే పుల్లల పరీక్షలో మాత్రం తేడా కనిపించింది. ప్రధాన లెక్క ఓడిపోయాక అందులో ఒక ముక్కను పట్టుకుని సంబరపడకూడదని గణాంక నిపుణులు హెచ్చరిస్తారు, ఆ హెచ్చరిక న్యాయమైనదే. కానీ దీనికి శరీర నిర్మాణంలోనే ఒక వివరణ ఉందని కొందరు న్యూరాలజిస్టులు వాదిస్తున్నారు. మెదడు నుంచి కాళ్లను నడిపించే పోగులు వెన్నుపాము కింది భాగం దాకా పోవాలి. చేతులవి మెడ దగ్గరే ఆగిపోతాయి. దారి పొడవైన కొద్దీ మచ్చలు తగిలే అవకాశం ఎక్కువ. అందుకే కాళ్ల దారి తిరిగి రానంతగా పాడైపోయినా, చేతుల దారిలో కాపాడుకోదగ్గది ఇంకా మిగిలి ఉంటుందని వాళ్ల లెక్క.

ఆ లెక్క సరైనదైతే, ఇన్నాళ్లూ నడవలేరన్న కారణంతో మందుల పరీక్షల్లోకి రానివ్వని మనుషులే అసలు చూడాల్సినవాళ్లు. బ్రిటన్‌లో మొదలైన చారియట్ ఎం.ఎస్. అనే పరీక్ష ఆ పనే పెట్టుకుంది. క్లాడ్రిబిన్ మాత్రలు వాడి చూస్తున్న ఈ పరీక్షలోకి తీసుకున్నది ఈడీఎస్ఎస్ 6.5 నుంచి 8.5 మధ్య ఉన్నవాళ్లను, అంటే రెండు కర్రలతో నడిచేవాళ్లను, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లను. మందు పనిచేసిందా లేదా అని వాళ్ల దగ్గర చూసే ప్రధాన కొలత నడక కాదు. పలక మీది తొమ్మిది పుల్లలు.